చేప పెరుగుతుంది.. తొట్టి పెరగదు!

మచిలీపట్నం: పట్నం ఇళ్లలోనే కాదు, ఇప్పుడు పల్లెల్లోనూ ముందు గదుల్లో గాజు తొట్టెలు కనిపిస్తున్నాయి. పిల్లలు ముచ్చటపడతారు, పెద్దలు కొనిపెడతారు. అయితే కొనే తీరులోనే ఒక తిరకాసు ఉంది. ముందు బల్ల మీద పట్టే తొట్టి కొంటారు. తర్వాత కంటికి నచ్చిన చేపపిల్లను అందులో వేస్తారు. ఆ పిల్ల రేపు ఎంతవుతుందో అడిగేవారు తక్కువ. రెండంగుళాల పిల్లే ఏడాది తిరిగేసరికి తొట్టిలో మెసలడానికి చోటులేక అద్దానికి ముక్కు రాసుకుంటుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ దిగులు.

ఈ సంగతి మన జిల్లా వారికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గుడివాడ, నందివాడ ప్రాంతాల్లో ఎకరానికి ఎన్ని పిల్లలు వేయాలో, ఎంత లోతు నీరు నిలపాలో లెక్క చూసుకోకుండా చెరువులో దిగే రైతు ఉండడు. చెరువుకు చూసే ఆ లెక్కే ఇంటి తొట్టికీ చూడాలి.

చెరువు చేపలే గాజు తొట్టిలో!

దుకాణాల్లో చిన్న సొరచేప అంటూ అమ్మే వెండి రంగు పిల్ల ఏమిటో తెలుసా? మన రైతులు చెరువుల్లో పెంచే ఫంగస్ చేపే. దాని పుట్టిల్లు మెకాంగ్ నదీ ప్రాంతం. థాయ్‌లాండ్ నుంచి బంగ్లాదేశ్ మీదుగా 1990ల మధ్యలో పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి నుంచి మన చెరువులకు వచ్చింది. చెరువులో ఏడాది తిరక్కుండానే కిలో దాటుతుంది. పూర్తిగా పెరిగితే నాలుగడుగుల పొడవు, 40 కిలోల బరువు వరకు పోగలదు. ఎర్ర పొట్టతో ముద్దుగా ఉండే రూప్‌చంద్ కూడా అంతే. దక్షిణ అమెరికా నదుల చేప అది. తొట్టిలో పెంచినా రెండడుగులకు చేరగలదు.

ఆస్కార్ చేప అడుగు పొడవు పెరుగుతుంది. వెండి అరవానా మూడడుగులు. అద్దానికి అంటుకుని పాచి తింటుందని వేసే సక్కర్ చేప అడుగున్నర దాటుతుంది. గుండ్రటి గోల్డ్‌ఫిష్ సైతం ఆరేడు అంగుళాలవుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది.

‘తొట్టిని బట్టి చేప’ నిజమేనా?

చిన్న తొట్టిలో వేస్తే చేప చిన్నదిగానే ఉండిపోతుందని చాలామంది నమ్మకం. ఇందులో నిజం సగమే. నారుమడిలో గడువు దాటి ముదిరిపోయిన నారును చూడండి. ఎదగదు. ఎదగలేదు కనుక అది హాయిగా ఉందని ఏ రైతూ అనడు. ఇరుకు తొట్టిలో చేప గతీ అదే. చేప విసర్జించే మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. నీరు తక్కువైతే అది త్వరగా చిక్కబడి మొప్పలను దెబ్బతీస్తుంది. ఎదుగుదల ఆగుతుంది, వెన్ను వంకరపోవచ్చు, ఆయుష్షు తగ్గుతుంది.

లెక్క ఇలా కట్టాలి

కొనే రోజు పొడవు కాదు, పూర్తిగా పెరిగినప్పటి పొడవు లెక్కలోకి తీసుకోవాలి. తొట్టి పొడవు కనీసం దానికి నాలుగింతలు ఉండాలి. వెడల్పు ఒకటిన్నర రెట్లు ఉంటేనే చేప ఒళ్లు వంచకుండా వెనుదిరుగుతుంది. ఇంతకంటే ఎక్కువైతే మేలే.

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో హెచ్చవేస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక్కో ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్ల నీరు. లీటరు నీరు కిలో బరువు. ఆ లెక్కన:

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో 57 లీటర్లే పడతాయి. ఇది గప్పీల వంటి చిట్టి చేపలకే తగును.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తయితే 190 లీటర్లు. రెండు గుండ్రటి గోల్డ్‌ఫిష్‌లకు సరిపోతుంది.

నాలుగడుగుల పొడవుతో అదే వెడల్పు, ఎత్తు ఉంటే 255 లీటర్లు. ఒక్క ఆస్కార్‌కు ఇది కనీసం.

రూప్‌చంద్‌కు ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు కావాలి. అంటే 1,700 లీటర్లు.

ఫంగస్‌ను మూడడుగుల చేపగా లెక్కవేసినా 12 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తప్పదు. అది 4,600 లీటర్లు. ఇది బల్ల మీద పెట్టే తొట్టి కాదు, చిన్న చెరువే!

ఎత్తు కంటే వెడల్పు మిన్న

సన్నగా, ఎత్తుగా ఉండే తొట్టి చూపుకు బాగుంటుంది కాని చేపకు మేలు చేయదు. గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి దిగేది పైభాగం నుంచే. పైభాగం ఎంత విశాలమైతే అంత మంచిది. ఎండాకాలం నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ నిలవడం తగ్గుతుంది. తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్లు తెరిచి పైకి తేలడం రైతులకు తెలిసిందే. తొట్టిలోనూ అదే జరుగుతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే గాలి పంపు ఆగుతుంది. అప్పుడు కిక్కిరిసిన చిన్న తొట్టి ముందు దెబ్బతింటుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.

ఎత్తు పెరిగేకొద్దీ అద్దం మీద నీటి ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు తొట్టికి 12 మిల్లీమీటర్ల మందం అద్దం వాడటం మంచిది.

మేడ మీద పెట్టేవారు ఇంకో సంగతి గమనించాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టిలో 680 లీటర్ల నీరు ఉంటుంది. అద్దంతో కలిపి 800 కిలోలు. ఇళ్ల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన కడతారు. ఈ తొట్టి అంతకు మూడు రెట్లకు పైగా బరువు మోపుతుంది. కింది నేల మీద పెట్టడమే క్షేమం.

మంచినీరు ఉందా?

తొట్టి సైజు చివరకు తేల్చేది డబ్బు కాదు, నీరు. వారానికి నాలుగో వంతు నీరు మార్చాలి. 255 లీటర్ల తొట్టికి 64 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడుకు పైగా. 680 లీటర్ల తొట్టికయితే ఎనిమిదిన్నర క్యాన్లు. బందరు తీరంలో, దివిసీమలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. కాలువలు కట్టేసిన వేసవిలో తాగడానికే నీరు కొనుక్కునే ఇళ్లు ఉన్నాయి. అలాంటిచోట పెద్ద చేప జోలికి పోకపోవడమే తెలివైన పని. కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ పోయేందుకు ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవబెట్టి పోయాలి. నీరు మొత్తం ఒకేసారి మార్చకూడదు.

పెరట్లో స్థలం, మంచినీరు రెండూ ఉన్నవారు సిమెంటు తొట్టి కట్టించుకోవచ్చు. పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తొట్టిలో 4,250 లీటర్లు పడతాయి. కొత్త సిమెంటు నీటిని సున్నపు నీరులా చేస్తుంది. రెండు మూడు వారాలు నీరు నింపి, తీసి, మళ్లీ నింపాలి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే పద్ధతీ ఉంది. పసిపిల్లలు పడకుండా, కొంగలు, కాకులు వాలకుండా పైన వల తప్పనిసరి.

కాలువలో వదలరాదు

పెరిగిన చేపను చంపడానికి చేతులు రాక, కాలువలో వదిలితే పుణ్యమనుకుంటారు కొందరు. అది పుణ్యం కాదు. సక్కర్ చేప ఇప్పటికే కృష్ణా నీటిలో వలలకు చిక్కుతోంది. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి. గట్లలో బొరియలు చేస్తుంది. పట్టినా కొనేవాడు ఉండడు. నష్టపోయేది రోజు కూలిని వల మీద పెట్టుకున్న జాలరి.

వరద సంగతీ మరువరాదు. 2024 సెప్టెంబరు తొలి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగింది. దివిసీమ లంక గ్రామాలను వరద ముంచెత్తింది. అలాంటప్పుడు పెరటి తొట్టి మునిగితే లోపలి చేపలు ఏటి పాలే. గట్టు ఎత్తు తమ ఊరి వరద మట్టానికి పైన ఉండేలా కట్టుకోవాలి. పెంచలేని చేపను అమ్మిన దుకాణానికో, పెద్ద తొట్టి ఉన్నవారికో ఇచ్చివేయాలి.

కొనేముందు దుకాణదారును రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఎంత పెరుగుతుంది? ఎన్నేళ్లు బతుకుతుంది? జవాబు దొరకని చేపను ఇంటికి తేకండి. పిల్లలు మారాం చేస్తే గప్పీలు చాలు. రెండడుగుల తొట్టిలో అవి పిల్లలు పెట్టి, ఇంటిని సందడి చేస్తాయి.