కాందిశీకుల మనోవ్యథయు దేహచిహ్నములును



మన పెద్దలు మానవుని బాధను రెండు విధములుగా చెప్పిరి. మనస్సును పీడించునది ఆధి. దేహమును పీడించునది వ్యాధి. ఈ రెండింటిని జంటగా "ఆధివ్యాధులు" అని పలుకుచున్నను, ఒకటి కంటికి కనబడనిది, వేరొకటి వైద్యుని చేతికి చిక్కునది యని తలచుట మనకు అలవాటు. అయితే ఆధి కూడ దేహమునందు తన గుర్తును విడుచునని నేటి శాస్త్రజ్ఞులు చూపుచున్నారు. అట్టి గుర్తులకు జీవసూచకములని పేరు. వానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఎక్కడ నమ్మరాదు? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట నా బాల్యమునాటి సంగతి యొకటి మనవి చేసెదను. మా గ్రామమున ఒక వృద్ధుడుండెడివాడు. అతడు యౌవనమున రంగూను రేవులో కూలిపని చేసినవాడు. 1941 డిసెంబరులో ఆ నగరముపై జపానువారి బాంబులు పడగా, అక్కడి భారతీయులు లక్షలసంఖ్యలో స్వదేశమునకు బయలుదేరిరి. ఓడలలో చోటు దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకను వచ్చిరి. దారిలో వేలకొలది జనము మరణించిరి. మా వృద్ధుడు అట్లు నడచి వచ్చినవాడు. ఎన్నో యేండ్లు గడచినను, ఉరుము వినబడినచో అర్ధరాత్రమున లేచి, మూట చంకనబెట్టుకొని వీథిలో నిలిచెడివాడు. పిల్లలమైన మేము నవ్వెడివారము. పెద్దలు పిరికివాడని యనెడివారు. అతడు పిరికివాడు కాడని నాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

భయము కలిగినపుడు దేహములో జరుగు పనిని చూతము. మన మూత్రపిండములపైన టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వానిని అధివృక్క గ్రంథులందురు. మెదడునుండి ఆజ్ఞ రాగానే అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. అది రక్తమున చక్కెరను పెంచి, ఆపదను ఎదుర్కొనుటకు కావలసిన శక్తిని సమకూర్చును. ఆపద తొలగినంతనే అది తగ్గవలెను. నెలల తరబడి, ఏండ్ల తరబడి ఆపద వదలనిచో ఈ క్రమమే చెడిపోవును.

ఈ కార్టిసాల్‌ను రక్తములోను, లాలాజలములోను కొలువవచ్చును. కాని అది ఉదయమున హెచ్చుగను, రాత్రివేళ తక్కువగను ఉండును గనుక, ఆ కొలత ఆ గడియకు మాత్రమే చెల్లును. వెండ్రుక సంగతి వేరు. తల వెండ్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. పెరుగుచు రక్తములోని కార్టిసాల్‌ను కొంత తనలో నిలుపుకొనును. కావున తలచర్మమునకు దగ్గరగా కత్తిరించిన 3 సెంటీమీటర్ల వెండ్రుక గడచిన మూడు నెలల వృత్తాంతమును తెలుపును. రక్తము వర్తకుని దినచిట్టా వంటిదైనచో వెండ్రుక ఆవర్జా వంటిది.

ఈ పద్ధతిని కాందిశీకులయందు పరీక్షించిన ఉదాహరణ మొకటి కలదు. 2011లో సిరియాదేశమున అంతర్యుద్ధము పుట్టగా లక్షలమంది పొరుగుననున్న జోర్డాన్‌కు చేరిరి. అచ్చటి ఉత్తరపు పట్టణములలో 12 మొదలు 18 ఏండ్ల వయస్సు గల బాలబాలికలకొరకు మెర్సీ కోర్ అను సహాయసంస్థ 8 వారముల కార్యక్రమము నడపెను. అందులో ఆటలు, చిత్రకళ, చేతిపనులు, వృత్తివిద్యలు ఉండెను. సిరియాపిల్లలును జోర్డాన్ పిల్లలును కలిసి కూర్చుండిరి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారును, జోర్డాన్‌లోని హాషెమైట్ విశ్వవిద్యాలయమువారును ఆ పిల్లల వెండ్రుకలను పరీక్షించి, 2018లో ఫలితములను ప్రకటించిరి.

కార్యక్రమములో చేరనివారితో పోల్చగా, చేరినవారి కార్టిసాల్ సుమారు మూడవవంతు తగ్గెను. మిక్కిలి తక్కువగా నున్న కొందరిలో అది పెరిగి క్రమమునకు వచ్చెను. అభద్రతాభావమును, మనోవేదనయు తగ్గినట్లు పిల్లలు స్వయముగా చెప్పిరి. కాని యుద్ధస్మృతులవలన కలుగు లక్షణములలో మాత్రము ఇరువర్గములకును భేదము కనబడలేదు. అనగా దేహము కొంత ఊరట చెందినను, మనస్సులోని గాయము ఇంకను మానలేదు.

ఇందు వేరొక చిక్కు కలదు. దుఃఖితుని కార్టిసాల్ ఎల్లప్పుడు హెచ్చుగా నుండునని తలపరాదు. 1995లో రేచల్ యెహూడా అను పరిశోధకురాలును ఆమె సహచరులును ఒక వింతను ప్రకటించిరి. హిట్లరు కాలపు యూదుల మారణకాండనుండి బ్రతికి బయటపడి, అరశతాబ్దమైనను ఆ స్మృతులతో వ్యాధిగ్రస్తులై యున్నవారి మూత్రమున కార్టిసాల్ తక్కువగా నుండెను. ఆపద కొనసాగుచున్నపుడు హెచ్చుటయు, పాతగాయమైనపుడు తగ్గుటయు అనేక పరిశోధనలలో కనబడినది. నడుమ నెక్కడనో "సరియైన" అంకె కనబడినంతమాత్రమున ఆ మనుష్యుడు సుఖముగా నున్నాడని చెప్పగలమా? చెప్పలేము. ఇంతవరకు ఏ యొక్క జీవసూచకమును మనోవ్యథను నిర్ణయించునది కాలేదు.

ఈ మాట ఎందుకు ముఖ్యమనగా, కాందిశీకుడు ఏ దేశమునకు పోయినను సాక్ష్యము అడుగుదురు. "నీవు పడిన బాధకు గుర్తేది?" యందురు. రేపు వెండ్రుకను చూపుమనినచో, అంకె సరిగా నున్న దుఃఖితుడు అబద్ధీకుడగును. ఈ కొలతలు సమూహమునకు ఏ సహాయము మేలుచేయునో తెలిసికొనుటకు పనికివచ్చును. ఒక మనుష్యుని మాటను త్రోసిపుచ్చుటకు పనికిరావు. కాందిశీకులందరును రోగులేయని తలచుటయు తప్పే. యుద్ధపీడిత ప్రాంతములలో ఇంచుమించు 5గురిలో ఒకరికి మానసికవ్యాధి యుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసెను. తక్కిన నలుగురు కష్టమును భరించుచు నిలిచినవారే.

గ్రామపెద్దలారా! యుద్ధమో, వరదయో, అగ్నిప్రమాదమో తరిమివేయగా మీ యూరు చేరినవారుండవచ్చును. వారిచేత కథ బలవంతముగా చెప్పింపకుడు. చెప్పినపుడు ఓపికతో వినుడు. నిలుకడయైన నీడ, చేయుటకు పని, కలిసి కూర్చుండుటకు నలుగురు మనుష్యులు, ఇవి జోర్డాన్ పిల్లలకు మేలుచేసినవి. నిద్ర లేకుండుట, బ్రతుకుపై విరక్తి కలుగుట కనిపించినచో ఆలసింపక వైద్యునికి చూపుడు. 2022లో భారతప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సలహాసేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినను సహాయము లభించును.

మా గ్రామపు వృద్ధుని వెండ్రుకను ఎవరును పరీక్షింపలేదు. పరీక్ష లేకున్నను, ఉరిమిన రాత్రి ఎవరైన అతని ప్రక్కన కొంతసేపు నిలిచియుండవచ్చును. ఆ పనిని మేము చేయలేదు. మీరు చేయుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.