సగం ఓట్లు ఎన్నడూ దాటని ఏకఛత్రం

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర, గ్రూప్స్‌కు చదివేవాళ్ల నోట ఒక మాట తరచూ వినబడుతుంది: ‘1977 దాకా కాంగ్రెస్ తప్ప ఇంకేముందన్నా, ఎన్నికలు పేరుకే!’ అశోక్‌నగర్ కోచింగ్ నోట్సుల్లో అదే ‘ఏకపార్టీ ఆధిపత్యం’ అనే రెండు ముక్కలైంది. బిట్టు పెట్టడానికి అది చాలు. చరిత్రకు చాలదు, అందులోనూ మన చరిత్రకు.

అపోహ: ఆ రోజుల్లో జనమంతా కాంగ్రెస్‌కే ఓటేసేవారు.

1952లో లోక్‌సభ స్థానాలు 489. కాంగ్రెస్ గెలిచినవి 364. వచ్చిన ఓట్లు మాత్రం 45 శాతం. మిగతా 55 శాతం సోషలిస్టులకు, కమ్యూనిస్టులకు, జనసంఘ్‌కు, స్వతంత్రులకు చీలికలు పేలికలుగా పోయాయి. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాడిదే సీటు కాబట్టి ఆ చీలికే కాంగ్రెస్‌కు కోట అయింది. ఇందిర హత్య తర్వాత 1984 డిసెంబరులో 404 సీట్లు వచ్చినప్పుడు కూడా ఆ పార్టీ యాభై శాతం గీత దాటలేదు. అసలు ఏ లోక్‌సభ ఎన్నికల్లోనూ దాటలేదు.

అపోహ: ఎదురు నిలిచినవాళ్లు నామమాత్రులే.

ఈ మాట నల్లగొండలో అనకండి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ఆ నాయకులు 1952లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో బరిలో దిగారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. దేశం మొత్తంలో అవే ఎక్కువ, నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. ‘అది ద్విసభ్య నియోజకవర్గం, ఒక్కొక్కరికి రెండేసి ఓట్లు, పోలికేమిటి’ అని తీసిపారేసేవాళ్లున్నారు. నెహ్రూ గెలిచిన అలహాబాదు స్థానం కూడా ద్విసభ్యమే! అదే ఏడాది హైదరాబాద్ శాసనసభలో 175 స్థానాలకు కాంగ్రెస్ గెలిచినవి 93. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వానికి సగం మీద మిగిలింది అయిదారు సీట్లే.

అపోహ: అంతా ఒకే పార్టీ, ఒకే మాట.

ఎదుటి పార్టీల కంటే పెద్ద ప్రతిపక్షం కాంగ్రెస్ లోపలే ఉండేది. రాజకీయ శాస్త్రవేత్త రజనీ కొఠారి 1964లో ‘కాంగ్రెస్ వ్యవస్థ’ అన్నది దీన్నే. ఉదాహరణకు, నారాయణగూడ కేశవ్ మెమోరియల్ బడికి పునాది వేసిన వినాయకరావు కొరట్కర్ ఆర్యసమాజ నాయకుడు. బూర్గుల మంత్రివర్గంలో ఉన్నారు, 1957లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆయన లాంటివారికీ, సోషలిజం అనేవారికీ, దేశ్‌ముఖులకూ గొడుగు ఒకటే. ఆ గొడుగు కింద కుమ్ములాటలకు కొదవా?

అపోహ: దేశంలో గాలి ఎటు వీస్తే మనమూ అటే.

1971లో దేశమంతా ఇందిర గాలి. తెలంగాణలోని 14 స్థానాల్లో పది, ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి పట్టుకుపోయింది. హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ అందులోనివే. తమాషా ఏమిటంటే ఆ ఏడాదే దాని నాయకుడు మర్రి చెన్నారెడ్డి ఆ పార్టీని తెచ్చి కాంగ్రెస్‌లో కలిపేశారు. కాంగ్రెస్ కూడా బ్రహ్మానందరెడ్డిని దించి, తెలంగాణ మనిషి పి.వి. నరసింహారావును ముఖ్యమంత్రిని చేసింది. ఓడిన పార్టీ గెలిచినవాళ్లను మింగేయడం ఆధిపత్యానికి అసలు కిటుకు. ఓట్ల పెట్టెల్లో అది కనిపించదు.

1977 మరీ విడ్డూరం. ఎమర్జెన్సీ కోపంతో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌వే. ఇక్కడ అందరూ ఎమర్జెన్సీని మెచ్చారని దీనికి అర్థం చెబుతారు గానీ, దాదాపు మూడో వంతు ఓట్లు జనతా కూటమికి పడ్డాయి. వాటికి దక్కింది ఒక్కటే సీటు, నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి కొద్ది రోజుల్లోనే లోక్‌సభ స్పీకరై, కొద్ది నెలల్లోనే రాష్ట్రపతి అయ్యారు.

ఇక 1984. దేశమంతా కాంగ్రెస్ ప్రభంజనం. ఇక్కడ 42లో 30 తెలుగుదేశానికి. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. దేశవ్యాప్తంగా దానికి వచ్చిన ఓట్లు నాలుగు శాతం పైచిలుకు. అంతకన్నా ఎక్కువగా ఏడు శాతం దాటిన బీజేపీకి రెండే సీట్లు దక్కాయి. వాటిలో ఒకటి హన్మకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది పి.వి. నరసింహారావు. మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నిలబడి ఉండబట్టి ఆయన ఆ లోక్‌సభలో అడుగుపెట్టగలిగారు.