ఏజెంటును మార్చాలా? ముందు ఆయన ఎవరి మనిషో తేల్చుకోండి

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోను. "తమ్మీ, కొండగట్టు స్టేజీ కాడ ఉన్న, జల్ది రా. మంచి డాబా, తూర్పు మొఖం. పదకొండింటికి ఇంకో పార్టీ వస్తున్నరు." మీరు బండి తీసి జగిత్యాల నుంచి పరుగున వెళ్తారు. తీరా చూస్తే అది మీరు చెప్పిన బడ్జెట్ కంటే ఆరు లక్షలు ఎక్కువ. కాగితాలు అడిగితే ఓనర్ తమ్ముడి దగ్గర ఉన్నాయంటారు. తమ్ముడేమో దుబాయ్‌లో. ఇట్లాంటి ఆదివారాలు ఐదారు గడిచాక మీకు ఒకటే అనిపిస్తుంది, ఈయనతో కాదు, ఇంకొకరిని చూసుకుందాం అని.

ఈ మధ్య మన దగ్గర ఈ మాట ఎక్కువగా పాతికేళ్లు, ముప్పై ఏళ్లవాళ్ల నోటే వినిపిస్తోంది. దానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, పొలాసలో వ్యవసాయ కాలేజీ, కోరుట్లలో పశువైద్య కాలేజీ ముందే ఉన్నాయి. 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కలెక్టరేట్లు, జిల్లా ఆఫీసులు వచ్చాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, గల్ఫ్‌లో ఐదారేళ్లు కష్టపడి నాలుగు పైసలు వెనకేసుకుని వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో ఉంటూ అమ్మానాన్నల కోసం ఊళ్లో ఇల్లు చూసేవాళ్లు, అందరూ వెతికేది అవే నాలుగు వీధుల్లో. వాళ్లకు ఇల్లు చూపించేదీ అదే పది పదిహేను మంది.

మార్చాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఆ ఏజెంటు అసలు మీ తరఫున పనిచేస్తున్నాడా అన్నది మొదటిది. ఇది తేలకుండా మారిస్తే మనిషి మారతాడు గానీ మీ ఆదివారాలు మారవు.

పైసలు ఎటు నుంచి వస్తాయి?

అమెరికాలో ఉన్న మీ బావనో అక్కనో అడిగి చూడండి. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం ఒక కోర్టు కేసులో రాజీ పడింది. దాని వల్ల 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించడానికి ముందే, కొనేవారికీ వాళ్ల ఏజెంటుకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఎంత తీసుకుంటాడో అందులోనే రాస్తారు. అంటే అక్కడ కొనేవారి ఏజెంటు వేరు, అమ్మేవారి ఏజెంటు వేరు.

మన దగ్గర అట్లా లేదు. ఇద్దరి మధ్య ఒక్కరే మధ్యవర్తి. ఆయన పనిచేసేది బేరం తెగడానికి. ఒక శాతమో రెండు శాతమో మాట్లాడుకున్నదాన్ని బట్టి అటు ఓనర్ దగ్గర, ఇటు మీ దగ్గర తీసుకుంటాడు. అందులో తప్పేమీ లేదు, తెలిసి ఇచ్చేదే. చిక్కల్లా తెలియకుండా పోయే మూడో రకంతోనే. ఓనర్ "నా చేతికి ఇంత రావాలె, పైన వచ్చింది నీదే" అంటాడు. పైన ఎంత వేశాడో మీకు తెలియదు.

లెక్క కోసం ఇట్లా అనుకుందాం. 200 గజాల ప్లాటు. ఓనర్ అడిగింది గజానికి 9,000. మీకు చెప్పింది 10,500. ఓనర్‌కు 18 లక్షలు పోతాయి, మీ జేబులోంచి 21 లక్షలు పోతాయి. నడుమ మిగిలింది 3 లక్షలు. మీరిచ్చే ఒక శాతం కమీషన్ 21,000. అంటే మీకోసం బేరమాడితే వచ్చేదానికి పద్నాలుగు రెట్లు, బేరమాడకపోతే వస్తుంది. ఈ పరిస్థితిలో ఆయన మీ కోసం ధర తగ్గించాలని ఆశించడం కొంచెం అమాయకత్వమే.

అందుకే నేను ఏజెంటు మాటతీరు చూడను, చూపించిన ఇళ్ల సంఖ్యా చూడను. బయానా కంటే ముందు ఓనర్‌తో కూర్చోబెడతాడా లేదా, అదొక్కటే చూస్తాను. కూర్చోబెట్టనంటే రెండు కారణాలుంటాయి. ఒకటి పైన చెప్పిన మూడు లక్షలు. రెండోది, మీరు ఆయన్ని పక్కకు పెట్టి నేరుగా ఓనర్‌తో కుదుర్చుకుంటారన్న భయం. ఈ రెండోది నిజమైన భయమే, నెలల తరబడి పెట్రోలు పోసుకుని తిప్పి చివరికి చేతులు దులుపుకున్న ఏజెంట్లు మన దగ్గర తక్కువేం కాదు. కాబట్టి ఆ భయం మీరే తీసేయండి. ఒక తెల్లకాగితం మీద రాయండి: మీ ద్వారా చూసిన ఈ ఇల్లు కొంటే మీకు ఇంత కమీషన్ ఇస్తాను, రిజిస్ట్రేషన్ రోజు ఇస్తాను, బయానాకు ముందు ఓనర్‌ను కలిపించాలి, ఓనర్ నుంచి మీరు తీసుకునేది కూడా నాకు చెప్పాలి. కింద ఇద్దరి సంతకాలు. ఆ కాగితం మీద సంతకం పెట్టినాయన మీకు పనికొచ్చే మనిషి, ఆరు ఆదివారాలు వృథా అయినా సరే. "గవన్నీ ఎందుకు తమ్మీ, నమ్మకం ముఖ్యం" అన్నాయన దగ్గర ఏడో ఆదివారం పెట్టకండి.

తప్పు ఆయనదేనా?

ఇక్కడ కొంచెం మనవైపు కూడా చూసుకోవాలి. మా ఇంటి వెతుకులాటలో మేము ఇద్దరు ఏజెంట్లను మార్చాం. మూడో ఆయన మొదటి రోజే అడిగాడు, "సార్, ఇప్పటిదాకా చూసినవి ఎందుకు వద్దన్నరో చెప్పుండ్రి" అని. కూర్చుని రాస్తే తొమ్మిదింటిలో ఐదు వాస్తు కుదరక, రెండు అమ్మకు మెట్లెక్కడం కష్టమని, ఒకటి వీధిపోటని వదిలేసినవి. నిజంగా ఏజెంటు తప్పు ఒక్కదాంట్లోనే ఉంది. మేం ఆయనకు బడ్జెట్ చెప్పామే తప్ప, తూర్పు ముఖం తప్ప వద్దని గానీ కింద బెడ్‌రూమ్ ఉండాలని గానీ చెప్పనే లేదు.

ఆలస్యం కూడా అంతే. ఆషాఢంలో, మూఢాల్లో బేరాలు కదలవు. ఓనర్ గల్ఫ్‌లో ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది. ఆయన అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ రాసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఆ తర్వాతే తమ్ముడో తండ్రో సంతకం పెట్టడానికి వీలవుతుంది. ఇందులో ఏజెంటు చేయగలిగింది ఫోన్లు చేయడమే. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఆయన "జీపీఏ మీదనే మీ పేరుకు రాయించుకుందాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం" అంటే వినకండి. జీపీఏతో కొన్నంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మీ పేరు మీద రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాలి.

ఇంకో మాట వింటారు, "లేఅవుట్ లేకపోతే ఏం, గుంటల్లెక్క చేసుకుందాం" అని. గుంటకు 121 గజాలు. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది కాబట్టి, దాన్ని సాగుభూమిగా చూపించి తహసీల్దారు దగ్గర చేయించే దారి ఇది. కాగితాల్లో అది పొలమే. రేపు ఇంటి పర్మిషన్‌కు, బ్యాంకు లోనుకు వెళ్తే తెలుస్తుంది. ఈ సలహా ఇచ్చిన ఏజెంటును మార్చడానికి రెండో ఆలోచన అక్కర్లేదు, ఆ రోజే మార్చేయండి.

ఎక్కడిదాకా వచ్చారు?

బయానా ఇవ్వకముందు అయితే మారడం తేలిక. కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని ప్రకారం ఏజెంటుకు అప్పగించిన పనిని అప్పగించినవారు వెనక్కి తీసుకోవచ్చు. కాకపోతే "ఆరు నెలలు మీ ద్వారానే" అని రాసిచ్చి ఉంటే, సరైన కారణం లేకుండా మధ్యలో ఆపితే నష్టపరిహారం అడగొచ్చు. అందుకే గడువు రాయాల్సి వస్తే ఒక నెలకు మించి రాయకండి.

బయానా ఇచ్చాక పరిస్థితి వేరు. అప్పుడు మీ ఒప్పందం ఓనర్‌తో. ఏజెంటు మీద కోపంతో దాన్ని వదులుకుంటే పోయేది మీ డబ్బే. ఇక్కడ చూడాల్సిందల్లా బయానా ఎవరి చేతిలో ఉందనేది. ఓనర్ అకౌంటుకు పంపి రసీదు తీసుకుని ఉంటే, ఏజెంటు ఉన్నా లేకపోయినా ముందుకు వెళ్లొచ్చు. ఏజెంటు చేతికి నగదుగా ఇచ్చి ఉంటే ముందు దాన్ని ఓనర్‌కు చేర్పించి రసీదు తీసుకోండి, లేదా వెనక్కి తీసుకోండి. మార్చే మాట ఆ తర్వాతే ఎత్తండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం కూడా చెబుతోంది. "క్యాషే కావాలె" అనేవాళ్లకు ఇది మంచి జవాబు.

మీరు చూస్తున్నది పెద్ద వెంచర్ అయితే రెరా ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన, లేదా ఎనిమిది యూనిట్లు దాటిన కొత్త ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయాలి. అందులో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టర్ చేసుకోవాలి. ప్రాజెక్టు కాగితాలన్నీ మీకు అందేలా చూడటం ఆయన బాధ్యత. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు వెతికితే నిమిషంలో తేలుతుంది. కోరుట్లలో ఎవరో అమ్ముతున్న పాత డాబాకు మాత్రం ఈ రక్షణ లేదు. అక్కడ మీ కళ్లే మీ రెరా. ఈసీ, నిషేధిత జాబితా రెండూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. లింకు డాక్యుమెంట్లు మాత్రం మీరు పెట్టుకున్న లాయర్ చదవాలి, ఏజెంటు తెచ్చిన లాయర్ కాదు. ఈ పనులు మీ చేతిలో ఉంటే ఏజెంటు మారినప్పుడు మళ్లీ మొదటికి రారు.

(ఈ పేజీ చదివేవాళ్లలో ఇదే పని పార్ట్‌టైమ్‌గా చేస్తున్నవాళ్లూ ఉంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా రెరా ప్రాజెక్టు అమ్మిపెడితే రోజుకు 10,000 చొప్పున, ఆస్తి ధరలో ఐదు శాతం దాకా జరిమానా పడొచ్చు. ఫ్రెండు చెప్పాడని వెంచర్ పోస్టర్‌ను స్టేటస్ పెట్టి కమీషన్ తీసుకునే ముందు ఇది చూసుకోండి.)

ఎట్లా చెప్పాలి?

చిన్న ఊళ్లు మనవి. జగిత్యాల ఏజెంటుకు కోరుట్ల ఏజెంటు తెలుసు, ఇద్దరికీ మల్యాలలో ఆయన తెలుసు. ఒకే ఇల్లు మూడు ఫోన్లలో మూడు ధరలకు తిరుగుతుంది. నిజం చెప్పాలంటే ఇది మీకు మంచిదే, ఎవరు ఎంత కలిపారో బయటపడుతుంది. గొడవ వచ్చేది ఒక్కచోటే. మొదటి ఆయన చూపించిన ఇంటిని రెండో ఆయన ద్వారా కొంటే ఇద్దరూ కమీషన్ అడుగుతారు, పంచాయితీ మీ గడపలో కూర్చుంటుంది.

అందుకే ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం కాదు, వాట్సాప్‌లో రాసి పంపండి: "అన్నా, మీరు ఇప్పటిదాకా చూపించిన ఇళ్లు ఇవి" అని తేదీలతో జాబితా పెట్టండి. "వీటిలో ఏదైనా మూడు నెలల్లో కొంటే మీ కమీషన్ మీకే. ఇవి కాకుండా వేరేవి నేను వేరేవాళ్లతో కూడా చూస్తున్న. ఇన్ని రోజులు తిరిగినందుకు థాంక్స్." ఇంతే చాలు. కొత్త ఏజెంటుకు కూడా అదే జాబితా చూపించి, ఇవి తప్ప మిగతావి చూపించమనండి.

ఈ మెసేజ్ పంపాక చాలాసార్లు జరిగేది ఏమిటంటే, అరగంటలో ఫోన్ వస్తుంది. "అరె, గట్ల కోపం చేస్తె ఎట్ల తమ్మీ, ఓనర్‌ను రేపే కలిపిస్త." సరే అనండి. రేపు ఎన్ని గంటలకు, ఎక్కడ అని అడిగి, అది కూడా మెసేజ్‌లోనే పెట్టమనండి.