గీత దాటితే గెలుపు చెల్లదు

పుణెలో అంతర్జాతీయ సైకిల్ పందెం జరిగింది. అలాంటిది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రోడ్ల మీద కుర్రకారు కోసం పెడితే? దారి సంగతి, గాలి సంగతి, అన్నిటికంటే ముందు ఒక సుద్దగీత సంగతి.

ఎడిటర్ గారు అప్పజెప్పిన పని చెప్పడానికి చిన్నదే. జనవరిలో పుణె పందెం టీవీలో చూశారు. జనగామలో మొదలై, మహబూబాబాద్‌లో ఒక రాత్రి ఆగి, భూపాలపల్లిలో ముగిసే పందెం మన పిల్లలకు ఉంటే ఎలా ఉంటుందన్నది ఆయన ఆలోచన. ‘మంగళవారం సాయంత్రానికి కథనం చేతిలో ఉండాలి. చెమట, వేగం, కొండలు... ఫొటోలు అదిరిపోవాలి’ అన్నారు. ఈ దారిలో కొండలు పెద్దగా లేవని అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. జూనియర్ పందేల పాత నిబంధనలు ముందేసుకుని కూర్చున్నాను. కొన్ని పేజీలు తిప్పేసరికి ఒక అంకె దగ్గర చూపు నిలిచిపోయింది. 7.93 మీటర్లు. అక్కడి నుంచి ముందుకు కదలబుద్ధి కాలేదు.

సైకిల్ పందేల్లో 17, 18 ఏళ్ల వాళ్లు జూనియర్లు. 2022 చివరిదాకా అంతర్జాతీయ జూనియర్ రోడ్డు పందెంలో అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా ఒకటే షరతు ఉండేది. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ 7.93 మీటర్లకు మించి ముందుకు పోకూడదు. ఎంత బలమున్నా, ఎంత ఖరీదైన బండి ఉన్నా సరే.

అప్పట్లో దీన్ని తేల్చిన పద్ధతి చూడండి. నేల మీద రెండు గీతలు గీస్తారు, మధ్య దూరం 7.93 మీటర్లు. పందెం అవ్వగానే గెలిచినవాళ్లను అక్కడికి పిలుస్తారు. చైన్‌ను అన్నిటికంటే బరువైన గేరులో, అంటే ముందు పెద్ద చక్రం మీద, వెనక అతి చిన్న చక్రం మీద వేస్తారు. పెడల్ నిట్టనిలువుగా కిందికి ఉండగా బండిని మొదటి గీత మీద నిలబెట్టి, మెల్లగా వెనక్కి నడిపిస్తారు. పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ కిందికి వచ్చేసరికి చక్రం రెండో గీత ఇవతలే ఆగాలి. దాటిందా, ఆ రోజు తొక్కిన తొక్కుడంతా నీళ్లపాలు. పేరు ఫలితాల్లోంచి లేచిపోతుంది. ముందు 52 పళ్లు, వెనక 14 పళ్లు ఉంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. వెనక 14 బదులు 13 వేసుకుంటే ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది. ఒక్క పన్ను తేడాతో పతకం పోతుందన్నమాట. టైరు మందం మారినా చుట్టుకొలత కాస్త మారుతుంది కాబట్టి, జాగ్రత్త ఉన్న కోచ్ పొద్దున్నే టేపు పట్టుకుని తానే ఒకసారి కొలిచి చూసుకునేవాడు.

ల్యాబు లేదు, కంప్యూటర్ లేదు. సుద్దముక్క, టేపు, రెండు కళ్లు. కబడ్డీ గీత ఎంత సూటిగా తీర్పు చెబుతుందో ఇదీ అంతే. నాకు ఈ నిబంధన మీద మనసు పడటానికి కారణం అదే, దాచుకోను.

44, 18

మరి మన బండి ఎంత దూరం పోతుంది? జనగామ స్టేషన్ దగ్గర్లో ఒక సైకిల్ రిపేరు దుకాణానికి వెళ్లి, స్టాండు వేసి ఉన్న నల్ల సైకిల్ చూపించి కొలుస్తానన్నాను. మెకానిక్ చేతిలో పంచర్ ట్యూబు పట్టుకునే నా వైపు చూశాడు. ‘కొనేటోళ్లు ధర అడుగుతరు గని, గిట్ల కొలుసుడు సూడలే సార్’ అన్నాడు. ముందు చైన్ చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18. ‘మా నాయన దుకాణం నడిపిన్నాటి నుంచి గవే పండ్లు’ అన్నాడు. గచ్చు మీద సుద్దతో గీత గీసి, పెడల్ ఒక చుట్టు తిరిగేలా బండిని నడిపించాం. అయిదున్నర మీటర్లకు కాస్త తక్కువే వచ్చింది.

ఇక లెక్క తేలిక. ఈ బండి మీద నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు పోతారు. పాలు పోసేవాళ్లు, బడిపిల్లలు పోయే వేగం. 7.93 మీటర్ల బండి మీద నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు దాదాపు 43. చివరి పరుగులో 120 చుట్లు తొక్కగలిగిన పిల్లాడు 57 దాటిస్తాడు. పెద్దవాళ్ల పందేల్లో వాడే 53, 11 పళ్ల జతకు ఒక చుట్టుకు పది మీటర్ల పైచిలుకు వస్తుంది, 90 చుట్లకే 54 కిలోమీటర్లు. అంటే జూనియర్‌కు వేగం కావాలంటే దారి ఒక్కటే, కాళ్లు ఇంకా గబగబా ఆడించాలి. బలంగా తొక్కడం కాదు, చురుగ్గా తొక్కడం.

ఎదిగే మోకాళ్ల మీద బరువైన గేరు భారం పడకూడదన్నది ఈ షరతుకు చెప్పిన కారణం. చెప్పని లాభం ఇంకొకటి ఉందని నేను అనుకుంటాను. పదహారేళ్లకే మీసాలొచ్చి తొడలు బలిసిన కుర్రాడికీ, ఇంకా పొడుగు సాగుతున్న సన్నటి పిల్లాడికీ మధ్య తేడాను అది కొంత తగ్గించేది. బలం ఆలస్యంగా వచ్చే పిల్లలు ఆటలోంచి ముందే జారిపోకుండా ఆపేది. స్లొవేనియాకు చెందిన తాదేయ్ పొగాచర్ 2016లో ఇటలీలోని జూనియర్ల అంచెల పందెం జిరో దెల్లా లునిజానా గెలిచాడు. ఫుట్‌బాల్ వదిలేసి వచ్చిన బెల్జియం కుర్రాడు రెమ్‌కో ఎవెనెపూల్ 2018లో అదే పందెం గెలిచి, ఆ ఏడాదే ఇన్స్‌బ్రూక్‌లో జూనియర్ ప్రపంచ విజేత అయ్యాడు. ఇద్దరూ 7.93 గీతకు ఇవతల తొక్కినవాళ్లే. తర్వాత వాళ్ల వేగానికేం లోటు రాలేదు.

2023 జనవరి 1 నుంచి అంతర్జాతీయ సమాఖ్య ఈ షరతును ఎత్తేసింది. తీసేయమన్నవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. మోకాళ్లు నిజంగా చెడతాయనడానికి గట్టి రుజువేదని అడిగారు. వెనక 14 పళ్లతో మొదలయ్యే చక్రాల సెట్లు కంపెనీలు తగ్గించేశాయి, పిల్లల కోసం వాటిని వెతికి కొనడమే అదనపు ఖర్చయిందన్నారు. అదీ నిజమే. అసలు ఈ షరతు బండి ధరను ఎన్నడూ ఆపలేదు. లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిల్‌కు కూడా 14 పళ్ల చక్రం తగిలించుకోవచ్చు. అయినా నా మనసు ఒప్పడం లేదు. గీత ఉన్నప్పుడు డబ్బున్నవాడికి తూకం తేలికైన బండి దొరికేది, అంతే. గీత పోయాక దాంతోపాటు పెద్ద గేరూ దొరుకుతోంది. తొర్రూరు నుంచో, గణపురం నుంచో రావాల్సిన పిల్లల వైపు నుంచి చూస్తే ఇది చిన్న సంగతి కాదు. చిన్న వయసు విభాగాల్లో గేరు హద్దు పెట్టుకునే వెసులుబాటు దేశాల సమాఖ్యలకు ఉంది. మన జిల్లా స్థాయి పందేలకు ఆ హద్దు ఉండాలన్నదే నా పక్షం.

గబగబా చరిత్ర

1903లో పారిస్‌లో ‘లోటో’ అనే క్రీడాపత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టింది. ఆలోచన జెవో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరిది, పేరు మాత్రం ఎడిటర్ ఆన్రీ దెగ్రాంజ్‌కు వచ్చింది (ఈ ముక్క మా ఎడిటర్ గారికి చెప్పలేదు). ఆరు అంచెలు, 60 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 21 మంది. యువకుల అంచెల పందెం టూర్ ద లావెనీర్ 1961లో వచ్చింది. గ్రెగ్ లెమాండ్, ఇందురైన్, బెర్నాల్, పొగాచర్ అక్కడ గెలిచాకే పెద్ద టూర్ గెలిచారు. మన దేశంలో సైక్లింగ్ సమాఖ్య పుట్టింది 1946లో, లండన్ ఒలింపిక్స్‌కు మన సైక్లిస్టులు వెళ్లింది 1948లో. ముంబై–పుణె పందెంలో బోర్‌ఘాట్ ముందెక్కినవాడికి ‘ఘాట్ల రాజు’ బిరుదు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) కట్టారు. 2004 సునామీ నుంచి బతికి బయటపడ్డ అండమాన్ పిల్లలు డెబోరా హెరాల్డ్, ఎసో ఆల్బెన్ దేశానికి సైక్లింగ్ చూపించారు. ఎసో ఉన్న జూనియర్ జట్టు 2019లో ట్రాక్ మీద టీమ్ స్ప్రింట్ ప్రపంచ స్వర్ణం తెచ్చింది. 2026 జనవరి 19 నుంచి 23 దాకా పుణె గ్రాండ్ టూర్ 437 కిలోమీటర్లు సాగింది. చరిత్రకు ఇక్కడ ఉన్న జాగా ఇంతే.

ఎవరి కోసం ఎవరు తొక్కుతారు

అంచెల పందెం ఒంటరి వీరుడి ఆట అనుకుంటాం. కాదు. గాలి దాన్ని జట్టు ఆటగా మార్చింది. 2018లో బెల్జియం, నెదర్లాండ్స్ పరిశోధకులు 121 మంది గుంపును విండ్ టన్నెల్‌లోనూ కంప్యూటర్‌లోనూ పరీక్షించి చూశారు. గుంపు మధ్యలో, వెనక వైపు ఉన్నవాడి మీద గాలి అడ్డు ఒంటరిగా పోయేవాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేల్చారు. అందుకే అయిదారుగురి జట్టులో ఒక్కరికే గెలిచే అవకాశం ఉంచి, మిగతావాళ్లు వాళ్ల ముందు గాలికి అడ్డుగా తొక్కుతారు. వెనక కారు దగ్గరికి జారి నీళ్ల సీసాలు తెచ్చిస్తారు. నాయకుడి చక్రం పంచరైతే తమ చక్రం విప్పిచ్చి రోడ్డు పక్కన నిలబడతారు. ప్రైజు డబ్బు వస్తే జట్టంతా పంచుకోవడం పాత ఆనవాయితీ.

ఇక్కడే నాకు అనుమానం. మార్కుల దగ్గర్నుంచి ఆటల దాకా మొదటివాడి పేరే పేపర్లో వేసే అలవాటు మనది, మా వృత్తిది కూడా. ‘నా బిడ్డ రోజంతా ముందు తొక్కిండు, ఫస్టు ఇంకోడొచ్చుడేంది?’ అని ఒక తండ్రి అడిగితే కోచ్ ఏం చెప్పాలి? ఆ తండ్రి తప్పేమీ లేదు. రోజంతా గాలికి ఎదురు తొక్కి ముప్పయ్యో స్థానంలో వచ్చిన పిల్ల పేరు కూడా రాసే విలేకరులు ముందు కావాలి.

మూడు జిల్లాలంటే అయిదు

మ్యాపు తీస్తే నవ్వొచ్చింది. మొదటి రోజు జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్, ఎనభై తొంభై కిలోమీటర్లు. సోమనాథుడి పాలకుర్తి, పక్కనే పోతన గారి బమ్మెర. ఫొటోలకు లోటు లేదు. రెండో రోజు నర్సంపేట, మల్లంపల్లి వైపు ఎక్కి, కోటగుళ్లున్న గణపురం మీదుగా భూపాలపల్లి. కానీ నర్సంపేట వరంగల్ జిల్లాది, మల్లంపల్లి ములుగు జిల్లాది. 2016లో జిల్లాలు విడిపోయి, 2019లో ములుగు కూడా వేరుపడ్డాక మూడు జిల్లాల పందేనికి అయిదుగురు కలెక్టర్ల అనుమతి కావాలి.

కొండలు లేవు కాబట్టి పందెం తేలేది పక్కగాలి దగ్గర. చెరువు కట్టల పక్కన, పత్తి చేల మధ్య చెట్టు నీడ లేని చోట గాలి పక్కనుంచి కొడితే గుంపు ఏటవాలు వరుసలుగా చీలిపోతుంది. రోడ్డు వెడల్పులో పట్టినంతమందికే చాటు. మిగిలినవాళ్లు అంచున గాలికి చిక్కి వెనకబడతారు. ఇది తెలిసిన జట్టు కొండ ఎక్కకుండానే పందెం గెలుస్తుంది.

అయితే మన రోడ్డుకు వెడల్పు ఎక్కడిది? కోతలైతే సగం రోడ్డు వడ్లదే. ఆరబోసిన కుప్పల చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. మహబూబాబాద్ వైపు మిర్చి. ఊరూరికీ రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో 60 మంది పిల్లలు ఒకరి చక్రానికి ఒకరు జానెడు దూరంలో వస్తుంటే ఒక్క రాయి చాలు. భూపాలపల్లి దగ్గరికి వచ్చేసరికి బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు. పందెం ముందు పోలీసు మోటార్‌సైకిళ్లు పోతూ రోడ్డు ఆపుతాయి, వెనకాల వచ్చే బండి తెరుస్తుంది. అంతర్జాతీయ పద్ధతి ఇదే. సింగరేణి షిఫ్టు మారే వేళ లారీని పావుగంట ఆపమని డ్రైవర్‌కు ఎవరు చెప్తారో ఆయన పేరు ముందు ఖాయం చేసుకుని, తర్వాత జెర్సీల రంగు ఆలోచించడం మంచిది.

నన్నడిగితే మొదటి ఏడాది ఇంత ఆర్భాటం వద్దు. మూడు చోట్లా పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదింటికి ముగిసే, పది కిలోమీటర్ల చుట్టు పందేలు చాలు. వడ్ల కోతలకు ముందో తర్వాతో పెట్టుకోవచ్చు. మెకానిక్ దగ్గరి లెక్కే నిబంధన: ముందు 44, వెనక 18, అందరికీ ఒకటే. ఆ మాటే ఆయనతో అంటే ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టాడు. ‘పండ్లు ఒక్కతీరే పెడ్తరు. గుండ్లు అరిగిన బండి, కొత్త బండి ఒక్కటెట్లయితయ్ సార్?’ దానికి జవాబు నిబంధనల పుస్తకంలోనూ లేదు. బండ్లన్నీ నిర్వాహకులే తెచ్చి చీటీలు తీసి పంచితే తప్ప.

బాక్స్: నేల మీద కాలు పెట్టకుండా

అంచెల పందెం మనకు తెలియకపోయినా, రోజుల తరబడి సైకిల్ తొక్కుడు మన ఊళ్లకు కొత్త కాదు. నలభై, యాభై ఏళ్ల కింద ఊరూరా తిరిగే సైకిల్ ఆటగాళ్లు బొడ్రాయి దగ్గరో బడి ముందో గుండ్రంగా, పగలూ రాత్రీ దిగకుండా తొక్కేవాళ్లు. తిండి, స్నానం, కునుకు అన్నీ బండి మీదే. సాయంత్రమైతే మైకులో సినిమా పాటలు, ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకోవడం. జనం చొక్కాకు నోట్లు గుచ్చేవాళ్లు. వాళ్ల ఓర్పును ఏ స్టాప్‌వాచీ కొలవలేదు.

బాక్స్: టైము లెక్క ఇలా

రోజు గెలిచినవాడు పందెం గెలిచినట్టు కాదు. అన్ని రోజుల సమయం కలిపితే ఎవరిది తక్కువో వాళ్లది గెలుపు. ఒకే గుంపులో గీత దాటినవాళ్లందరికీ ఒకటే సమయం రాస్తారు. అందువల్ల చివర్లో ప్రాణాల మీదికి తెచ్చుకుని ఎగబడే పని తగ్గుతుంది. మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్లు తగ్గించే పద్ధతి చాలాచోట్ల ఉంది. జట్టు లెక్కకు ఆ రోజు ఆ జట్టులో ముందొచ్చిన ముగ్గురి సమయం కలుపుతారు. గెలిచినవాడి కంటే నిర్ణీత శాతానికి మించి ఆలస్యమైతే మర్నాడు పందెంలోకి రానివ్వరు. అందరికంటే వెనక వచ్చే వ్యాను, ఇక తొక్కలేనని ఆగినవాళ్లను సైకిల్‌తో సహా ఎక్కించుకుంటుంది.