నీటిబొట్టు జారకపోతే కోటింగ్ పోయినట్టేనా?

మిర్చి సీజనులో గుంటూరు యార్డు చుట్టుపక్కల నాలుగు రోజులు తిరిగిన కారు అసలు రంగేమిటో పోల్చుకోలేం. ఆ దుమ్ము చూసి కంగారుపడి సిరామిక్ కోటింగ్ మళ్లీ వేయించేవాళ్లున్నారు. నిజంగా కోటింగ్ అరిగిపోయినా "గ్యారంటీ ఉందిగా" అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నష్టమే.

అపోహ: తామరాకు మీద బొట్టులా నీళ్లు జారకపోతే కోటింగ్ అయిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు కోటింగ్ అలాగే ఉంటుంది, దాని మీద ఇంకో పొర పేరుకుని ఉంటుంది. రేగడి దుమ్ము, బ్రేకుల నుంచి రాలే ఇనప రజను, బోరు నీళ్లలోని లవణాలు కలిసి పట్టిన ఆ పొరకే నీళ్లు తగులుతాయి. కనిగిరి వైపు బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కారు మీద తెల్లమరకలు వేసేవి మాత్రం ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఉప్పునీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే మరకలు ఖాయం.

అందుకే ముందు శుభ్రం చేసి, తర్వాత పరీక్ష పెట్టాలి. పొద్దున్నే నీడలో కారు షాంపూతో కడగండి. ఐరన్ రిమూవర్ చల్లితే ఇనప రజను ఉన్నచోట ఊదారంగు తేలుతుంది, కడిగేయండి. లవణాల మరకలకు నీళ్లు కలిపిన వెనిగర్‌ను ముందు ఓ మూల వాడి చూసి, వెంటనే మంచినీళ్లతో కడగండి. ఇప్పుడు బానెట్ మీద, టాపు మీద, డోర్ల మీద విడివిడిగా మగ్గుతో నీళ్లు పోయండి. అన్నిచోట్లా బొట్లు కట్టి జారితే మీ డబ్బు మిగిలినట్టే. డోర్ల మీద జారుతూ, బానెట్, టాపుల మీద పలచగా పరుచుకుని నిలిచిపోతే అక్కడ కోటింగ్ అరిగింది. రెంటచింతల ఎండల సంగతి తెలిసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు: నెత్తిన పడే ఎండంతా ఆ రెండు భాగాలదే. కడిగిన మర్నాడే దుమ్ము అంటుకుని, నీళ్లు కొట్టినా వదలకపోవడం రెండో గుర్తు. మెరుపును మాత్రం నమ్మొద్దు. కోటింగ్ పోయిన కారు కూడా పాలిష్‌తో మెరుస్తుంది.

అపోహ: ఐదేళ్ల కోటింగ్ అన్నారు, ఐదేళ్లూ చూడక్కర్లేదు.

వాస్తవం: సిరామిక్ పొర మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లే. దాని కింద, రంగు మీద ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, సుమారు 40, 50 మైక్రాన్లు. షాపువాళ్లు చెప్పే ఏళ్లు సరిగ్గా కడుగుతూ, మధ్యమధ్య చూపిస్తూ ఉంటేనే. షెడ్డులో ఉండే కారుకూ, యార్డు బయట రోజంతా ఎండలో నిలబడే కారుకూ ఒకే లెక్క కుదరదు. ఇక మామూలు వ్యాక్స్ అయితే కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు.

అపోహ: 9హెచ్ కోటింగ్ ఉంటే రాయి తగిలినా గీత పడదు.

వాస్తవం: 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనపు కొలత. చీమకుర్తి గ్రానైట్ లారీ వెనక వెళ్తుంటే ఎగిరొచ్చే రాయిని అది ఆపలేదు. అందుకు పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (పీపీఎఫ్) కావాలి, దాని మందం సుమారు 200 మైక్రాన్లు.

అపోహ: మిరప ఘాటు రంగును తినేస్తుంది.

వాస్తవం: ఘాటుకు కారణమైన కాప్సైసిన్ పెయింటును కరిగించదు. చేటు చేసేది పాత లుంగీ గుడ్డతో పొడిపొడిగా తుడవడం. రేగడి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, గుడ్డ కింద అవి రాపిడి చేసి సన్నటి గీతలు పెడతాయి. కోటింగ్ అరిగేదీ అక్కడే. పత్తి పోగులు అంటుకున్నా సరే, ముందు నీళ్లు కొట్టాలి, తర్వాతే చెయ్యి వెయ్యాలి.

అపోహ: పాతదాని మీదే ఇంకో కోటు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: అరిగి గీతలు పడిన పాత పొరను పాలిష్‌తో తీసి వేస్తేనే కొత్తది సరిగ్గా పట్టుకుంటుంది. అయితే పాలిష్ పట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత పలచబడుతుంది. అందుకే అవసరం లేకుండా ఏటా వేయించడం మంచిది కాదంటున్నాను. పని మొదలుపెట్టే ముందు మందం కొలిచే మీటరు పెట్టి చూపించమని అడగండి. టాపు మీద క్లియర్ కోటే పొలుసులుగా లేస్తుంటే ఏ కోటింగూ పనిచేయదు. ముందు ఆ భాగానికి పెయింటు వేయించి, అది పూర్తిగా ఆరాకే కోటింగ్ మాటెత్తాలి.