స్వామికిచ్చిన కానుక లెక్క ఎవరినడగాలి?

సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ కాకముందే మా రుద్రవరం వైపు పల్లెల్లో పరువేట సందడి మొదలవుతుంది. అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి, దాదాపు నలభై రోజులు ఊరూరూ తిరిగి, తన పెళ్ళికి రమ్మని పిలిచిపోతాడు. చెంచులకైతే ఆయన ఇంటి అల్లుడే! ఇంతమంది మావాడనుకునే స్వామి గుడి పెత్తనం ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించారా?

అది అహోబిల మఠానిది. మఠానికి పెద్ద జీయరుస్వామి. ప్రభుత్వం అక్కడ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును వేస్తే వ్యవహారం కోర్టుకెక్కింది. గుడి మఠంలో భాగమే, ఆఫీసరును వేసే హక్కు సర్కారుకు లేదని 2022 అక్టోబరులో హైకోర్టు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు.

పూజలు, ఆచారాలు మఠానికి తెలిసినట్టు ఆఫీసరుకు తెలియవు. నేనూ ఒప్పుకుంటాను. మరి డబ్బు మాటేమిటి? తిరుమలను 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతులే నడిపారు. మద్రాసు శాసనమండలి చట్టం చేశాక అది కమిటీ చేతికొచ్చింది. ఇప్పుడు టీటీడీ బడ్జెట్టు ఏటా పేపర్లో పడుతుంది. చదివి తిట్టుకోవడానికైనా మనకు వీలుంది! హరిజనులకు గుడి తలుపులు తెరిచిన 1947 మద్రాసు చట్టమూ ఓట్లతో గెలిచినవాళ్ళు చేసిందే.

మతపెద్దల చేతికి దేశమే పోతే ఎలా ఉంటుందో ఇరాన్ ఆడవాళ్ళనడగాలి. 1979 విప్లవం తర్వాత అక్కడా ఓట్లున్నాయి, ఆడవాళ్ళూ వేశారు. కానీ ఎవరు పోటీ చెయ్యాలో 12 మంది గార్డియన్ కౌన్సిల్ జల్లెడ పట్టి తేలుస్తుంది. అధ్యక్ష పదవికి ఒక్క ఆడమనిషిని కూడా ఆ జల్లెడ దాటనివ్వలేదు. 2022 సెప్టెంబరులో, తలగుడ్డ సరిగా లేదని పట్టుకుపోయిన 22 ఏళ్ళ మహసా అమినీ ప్రాణం పోయాకే ప్రపంచం అటు తిరిగి చూసింది.

మన మఠాన్ని దానితో పోల్చడం లేదమ్మా, అపార్థం చేసుకోకండి. జీయరుస్వామి మన ఓటు జోలికి రారు. నేననేది ఒక్కటే. మన రాష్ట్రంలో సర్పంచు పదవుల్లో సగం ఆడవాళ్ళవి. గ్రామసభలో నిలబడి బోరింగు రిపేరుకు ఎంతయిందని అడుగుతున్నాం. మఠానికి అలాంటి సభ లేదు. పూజ వాళ్ళే చేయనీ, కానుకల జమాఖర్చు మాత్రం తెలుగులో రాసి గుడి గోడకు అంటించమని అడిగితే తప్పేముంది? ఈసారి పల్లకీ మీ వీధికొచ్చినప్పుడు హారతిచ్చి, వెంట వచ్చిన పెద్దలను మర్యాదగా అడిగి చూడండి. నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.