గోబర్ గ్యాసుకు గుంత తీసే ముందు నేల చూడండి
పెద్దకడుబూరు రైతు సోదరులారా! గోబర్ గ్యాసు ప్లాంట్లలో ముఖ్యమైనవి మూడు రకాలు. తేలే ఇనుప డ్రమ్ము రకంలో గ్యాసు ఒకే ఒత్తిడితో వస్తుంది. కానీ ఖర్చెక్కువ, రంగు వేస్తుండకపోతే తుప్పు తింటుంది. 1984లో వచ్చిన దీనబంధు ఇటుక డోముకు తుప్పు బాధ లేదు, ఖర్చూ తక్కువే. అయితే మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. డోముకు నెర్రె పడితే గ్యాసంతా గాలిపాలే! అనుభవమున్న బేల్దారితోనే కట్టించండి. గ్యాసుతోనే ఉబ్బే రబ్బరుగుడ్డ బెలూను త్వరగా అమరుతుంది. ఎండ, ముళ్లు, మేకల నుంచి కాపాడాలి. పైన బరువు పెడితేనే పొయ్యి బాగా మండుతుంది. ఏ రకమైనా 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. రెండే ఎనుములుంటే 1 ఘనపు మీటరుదే కట్టుకోండి; పెద్దదాని కోసం అప్పు చేయొద్దు.